ఎన్‌కౌంటర్లు పెరిగితే నక్సల్ హింస తగ్గిందా, పెరిగిందా?

కాకతీయ_ఎంఏ: పాత వరంగల్, కరీంనగర్ జిల్లాల మీద డిసర్టేషన్ రాస్తున్నా. 1978 నుంచి 2005 దాకా ఏటా ఎన్‌కౌంటర్ మృతులు ఒక గడిలో, నక్సల్ ఘటనలు ఇంకో గడిలో పెట్టి పోలిస్తే సరిపోతదా అన్నా?

మానేరు: సరిపోదు తమ్మీ, లెక్క మొదట్లనే తప్పుతది. ఎన్‌కౌంటర్ అయితే స్టేషన్ల కేసు పడేది మామూలుగా చనిపోయినోళ్ల మీదనే: ఐపీసీ 307 (హత్యాయత్నం), ఆయుధాల చట్టం. పోలీసులు కాల్చింది కూడా రిజిస్టర్ల తీవ్రవాద ఘటనగా ఎక్కుతది. రెండు గడులూ కలిసే పెరుగుతయి, అణచివేతతోనే హింస పెరిగిందని నువ్వు రాస్తవు. అందుకే ఫిర్యాది పోలీసే అయిన 307 కేసులు పక్కకు తియ్యి.

ఏడాది లెక్క కూడా వద్దు, తేదీలు పెట్టు. 1985 సెప్టెంబర్ 3న వరంగల్‌ల పౌరహక్కుల నాయకుడు డాక్టర్ రామనాథంను ఆయన క్లినిక్‌లనే కాల్చి చంపిన్రు. నక్సలైట్లు చంపిన ఎస్సై శవయాత్ర ఆ రోజే. ఏడాది పట్టికల ఈ రెండు చావులూ ఒకే వరుసల పడతయి, ఏది ముందో ఏది వెనకో పోతది. నీ ప్రశ్నే అది కదా!

పాలకుర్తి_రీడర్: మూడో గడి కావాలె: బహిరంగంగ పనిచేసే వీలుందా, లేదా. 1978 సెప్టెంబర్ 7 జగిత్యాల జైత్రయాత్ర రైతుకూలీల ఊరేగింపే. ఊళ్లల్ల పాలేర్ల సమ్మె, దొర ఇంటికి చాకలి, మంగలి బంద్. వారాలు తిరగకముందే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలైనయి. అట్ల ప్రకటించే 1948 చట్టం కింద హెచ్చరించి కాల్చమనే అధికారం ఎస్సై దాకా ఉంటది. ఊళ్లె సంఘం పెట్టుకునే దారి మూసుకుపోతే కొందరికి అడివే మిగిలింది. 1980 ఏప్రిల్‌ల పీపుల్స్ వార్ అనే నక్సలైట్ పార్టీ పుట్టింది. 1990వ సంవత్సరంల కొన్ని నెలలు సభలకు వీలు దొరికింది, 1992 మేల నిషేధం పార్టీతోపాటు అనుబంధ సంఘాల మీద కూడా పడ్డది. ఈ రెండు మలుపుల దగ్గర నెలనెలా చూడు.

భూపాలపల్లి: అణచివేత ఎప్పుడూ హింసను పెంచుతదని మాత్రం తేల్చెయ్యకు. నక్సలైట్ల కోసమే పెట్టిన ప్రత్యేక పోలీసు బలగం గ్రేహౌండ్స్ 1989ల వచ్చింది, 2005 తర్వాత ఇక్కడ నక్సల్ దళాలు పల్చబడ్డయి. అయితే గోదావరి దాటి దండకారణ్యం పోయినోళ్లు నీ పట్టికల కనబడరు.

చచ్చిందెవరో తప్పక విడదియ్యి. పోలీసులు ఇన్ఫార్మర్ల మీద ఆధారపడ్డకొద్దీ ఆ ముద్రతో దళాలు చంపింది ఊరోళ్లనే, ఎక్కువ పేదోళ్లనే. మొత్తం అంకె తగ్గినా ఆ గడి పెరగొచ్చు. ఇంకోటి, 2016ల జిల్లాలు ముక్కలైనయి, ఇప్పటి హద్దులతో పాత లెక్క కుదరదు. పోలీస్ స్టేషన్‌వారీగా రాసుకో.