ఏడు ఆజ్ఞలు పాటించే యూదేతరులకు యూదు మతం ఇచ్చే స్థానం ఏమిటి?

యూదు మత గ్రంథాలను శ్రద్ధగా చదివినవారు ఎవరైనా ఉంటే దయచేసి నా సందేహం తీర్చగలరు.

యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తాల్ముద్ ప్రకారం యూదులకు 613 ఆజ్ఞలు ఉండగా, జలప్రళయం నుండి బయటపడిన నోవహు సంతతి అయిన తక్కిన మానవాళికి విగ్రహారాధన, దైవదూషణ, హత్య, వ్యభిచారం, దొంగతనం, బతికున్న జంతువు నుండి కోసిన మాంసం తినడం అనే ఆరు నిషేధాలు, వాటితోపాటు న్యాయస్థానాలను నెలకొల్పాలన్న ఏడో ఆజ్ఞ ఉన్నాయి. వీటిని పాటించే యూదేతరులకు రాబోయే లోకంలో (పరలోక జీవితంలో) భాగం ఉంటుందని 12వ శతాబ్దపు పండితుడు మైమొనిడెస్ రాశారు. అయితే ఇవి మోషే ద్వారా దేవుడు తెలియజేసినవన్న నమ్మకంతోనే పాటించాలని, కేవలం తమ వివేకానికి తోచి పాటిస్తే చాలదని ఆయన షరతు పెట్టారు. నన్ను కలవరపెడుతున్నది ఈ షరతే. మోషేకు దేవుడు ఆజ్ఞలిచ్చిన సీనాయి కొండ పేరైనా వినకుండా ధర్మంగా బతికినవారి సంగతి ఏమిటి?

మతం మారి యూదులైనవారు సైతం పుట్టుకతో యూదులైనవారికి పూర్తిగా సమానం కారని యూదు కవి, తత్వవేత్త యూదా హలేవి అభిప్రాయపడగా, ఓబద్యా అనే మతం మారిన వ్యక్తి కూడా నిస్సంకోచంగా ‘మా పితరుల దేవా’ అని ప్రార్థించవచ్చని మైమొనిడెస్ లేఖ రాశారు. ఇంత ఉదారంగా ఆలోచించిన పండితుడు యూదేతరుల విషయంలో అంత కఠినమైన షరతు ఎందుకు పెట్టారు? తరువాతి రబ్బీలలో (యూదు మతగురువులలో) దానిని సడలించినవారు ఎవరు? విగ్రహారాధన నిషేధాన్ని మన హిందూ పూజావిధానానికి వారు ఎలా అన్వయిస్తారో కూడా వివరించగలరు.