అప్‌డేట్: ఎకోలో అమ్మ లంగ్ ప్రెజర్ 61, క్యాథ్‌లో నార్మల్

చిత్తూరులో తీయించిన ఎకోలో (గుండె స్కాన్) అమ్మకు ఊపిరితిత్తుల ధమని ప్రెజర్ 61 అని వచ్చింది, మెట్లెక్కితే ఆయాసం, ఈ నంబర్ నమ్మొచ్చా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. మందులకంటే ముందు రైట్ హార్ట్ క్యాథ్ (గుండె కుడివైపుకి సన్నటి గొట్టం పంపి ప్రెజర్‌ని నేరుగా కొలిచే పరీక్ష) గురించి అడగమన్న సలహానే పనికొచ్చింది.

తిరుపతిలో కార్డియాలజిస్టు మళ్లీ ఎకో తీసి, స్క్రీన్ మీద చూపిస్తూ చెప్పారు. ఎకో ప్రెజర్‌ని నేరుగా కొలవదు. ట్రైకస్పిడ్ వాల్వ్ (గుండె కుడివైపు పై, కింది గదుల మధ్య కవాటం) దగ్గర వెనక్కి లీకయ్యే రక్తం వేగాన్ని వర్గం చేసి, 4తో గుణించి, గుండె కుడి పై గదిలోని ప్రెజర్‌ని అంచనాగా కలుపుతారు. పాత రిపోర్టులో వేగం సెకనుకు 3.4 మీటర్లు, కలిపింది 15. ఈసారి వేగం చూపే గీత స్పష్టంగా కనిపించిన చోట కొలిస్తే 2.9. పొట్టలోని పెద్ద సిర సన్నగానే ఉండి, ఊపిరి పీల్చగానే బాగా ముడుచుకుంటోంది కాబట్టి కలిపింది 3 మాత్రమే. మొత్తం 37. వేగంలో కాస్త తేడా వచ్చినా వర్గం చేసేసరికి ఎంత పెరుగుతుందో చూడండి!

ఆయాసం ఉంది కాబట్టి క్యాథ్ కూడా చేశారు. మెడ సిరలోంచి సన్నటి గొట్టం పంపి కొలిస్తే సగటు 17. ఈ సగటు 20 దాటితేనే పల్మనరీ హైపర్‌టెన్షన్ (ఊపిరితిత్తుల ధమనిలో ప్రెజర్ ఎక్కువగా ఉండటం) అంటారు; ఎకోలో వచ్చేది సగటు కాదు, గుండె కొట్టుకున్నప్పటి గరిష్ఠ ప్రెజర్. రక్తం గడ్డలేమోనని తీయించిన సీటీలోనూ ఏమీ లేదు.

అసలు కారణం రక్తహీనత, హిమోగ్లోబిన్ 7.6. ఐరన్ మొదలుపెట్టాక అమ్మ ఆగకుండా మేడ ఎక్కుతోంది.