అమ్మానాన్నలతో డింగిల్ వెళ్దామనుకుంటున్నాం, ప్లాన్ కాస్త చూడండి

డబ్లిన్_వాన:
అందరికీ నమస్తే. మేం డబ్లిన్‌లో ఉంటాం, వచ్చే జూన్‌లో అమ్మానాన్న వస్తున్నారు. సముద్రం ఒడ్డున నిట్టనిలువు కొండలు, అదే క్లిఫ్స్ ఆఫ్ మోహర్, అందరూ చూపిస్తారు, మేమూ చూపిస్తాం, కానీ నాన్న రిటైరైన సోషల్ మాస్టారు, ఆయనకి సీనరీ కన్నా పాత కట్టడాలు, అక్కడి జనం ఎలా బతికారు ఏంటి అనేవి చూపిస్తే ఎంతసేపైనా నిలబడి చూస్తారు. అందుకే ఐర్లండ్ నైరుతి మూలన కెర్రీ కౌంటీలో ఉన్న డింగిల్ అనే ఊరు అనుకున్నా. అమ్మకి మోకాళ్ల నొప్పులు, చదును నేల మీద పావుగంట నడుస్తుంది, ఏటవాలుగా ఉంటే కష్టం. ప్లాన్ ఏంటంటే శుక్రవారం పొద్దున్నే కారులో బయల్దేరి డింగిల్ చేరడం, శనివారం మధ్యాహ్నం దాకా స్లే హెడ్ డ్రైవ్ (డింగిల్ నుంచి సముద్రం పక్కగా చుట్టి వచ్చే రోడ్డు), అటునుంచటే రింగ్ ఆఫ్ కెర్రీ అనే ఇంకో చుట్టు రోడ్డు, ఆదివారం వెనక్కి. మరీ ఎక్కువైందా? డ్రైవింగ్ నేనే, సన్న రోడ్ల మీద అంత అలవాటు లేదు.

కార్క్_వాసి:
ఎక్కువేనండి, చాలా ఎక్కువ. రింగ్ ఆఫ్ కెర్రీ పక్కన ఇంకో ద్వీపకల్పం, ఆ చుట్టే దాదాపు 180 కిలోమీటర్లు, దానికి విడిగా ఒక రోజు కావాలి. ఈసారికి అది తీసేయండి. డబ్లిన్ నుంచి డింగిల్‌కే ఆగుతూ వెళ్తే అయిదు గంటలు పైనే పడుతుంది, పెద్దవాళ్లు అలిసిపోతారు కాబట్టి శుక్రవారం ఇంకేం పెట్టుకోవద్దు, హార్బర్ దగ్గర కూర్చోబెట్టండి చాలు. అక్కడ ఫంగీ అనే డాల్ఫిన్ కంచు బొమ్మ ఉంటుంది, 1983 నుంచి 2020 అక్టోబర్ దాకా ఆ ఒక్క డాల్ఫిన్ ఆ ఊరి నీళ్లు వదిలి వెళ్లలేదు, ఊళ్లోవాళ్లు దాని గురించి ఇప్పటికీ ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టే చెప్తారు.

స్లే హెడ్ చుట్టు 47 కిలోమీటర్లే, రెండు గంటల్లో అయిపోతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, రోజంతా పడుతుంది, పట్టాలి కూడా. గడియారం ముల్లు తిరిగే వైపే వెళ్లండి, టూర్ బస్సులన్నీ అటే వెళ్తాయి కాబట్టి ఎదురుగా బస్సు వచ్చి మీరు రివర్స్ కొట్టాల్సిన పని తప్పుతుంది. దారిలో ఒకచోట వాగు రోడ్డు మీదుగానే పారుతుంది, కంగారు పడకుండా మెల్లగా దాటేయండి.

నాన్నగారికి గాలరస్ తప్పకుండా చూపించండి. చిన్న రాతి ప్రార్థనా మందిరం, సున్నం గిన్నం ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టింది, బోర్లించిన పడవలా ఉంటుంది. రాళ్లని కొంచెం బయటివైపు వాలేట్టు పేర్చారు, అందుకని వాన నీళ్లు లోపలికి రాకుండా బయటికే జారిపోతాయి, వందల ఏళ్లుగా ఆ వానల్లో నిలబడే ఉంది. నేను లోపలికెళ్లిన రోజు బయట జోరు వాన, లోపల నేల పొడిగా ఉంది, దాన్ని కట్టిన మనుషులకి దణ్ణం పెట్టాలనిపించింది. అక్కడ నడక తక్కువే, అమ్మగారు కూడా రావచ్చు. ఫాహన్ దగ్గర తేనెపట్టు ఆకారం రాతి గుడిసెలు కూడా బావుంటాయి గానీ పొలంలో ఎత్తు ఎక్కాలి, అక్కడికి నాన్నగారిని ఒక్కరినే పంపండి. అది రైతుల సొంత భూమి, గేటు దగ్గర కొద్దిగా డబ్బులు తీసుకుంటారు, చిల్లర యూరోలు దగ్గర పెట్టుకోండి.

సముద్రం_పిచ్చి:
పైన చెప్పినవన్నీ కరెక్టే, రోడ్ల గురించి నేను కొంచెం కలుపుతా. కానర్ పాస్ అనే కొండ దారి మీదుగా డింగిల్‌కి వెళ్లొద్దు, వ్యూ అద్భుతం కానీ ఒకవైపు కొండ రాయి, ఇంకోవైపు లోయ, కొన్నిచోట్ల ఒక్క కారే పడుతుంది, రెండు టన్నులు దాటిన బళ్లకి అసలు పర్మిషనే లేదు. అలవాటు లేదంటున్నారు కాబట్టి ఇంచ్ బీచ్ వైపు నుంచి రండి. ఇంచ్‌లో ఇసుక మైళ్ల కొద్దీ చదునుగా ఉంటుంది, అమ్మగారికి అది హాయిగా ఉంటుంది.

ఇంకోటి, అది గేల్‌టాక్ట్, అంటే ఐరిష్ భాష ఇళ్లల్లో మాట్లాడే ప్రాంతం, రోడ్డు బోర్డులు ఐరిష్‌లోనే ఉంటాయి. డింగిల్‌ని ఐరిష్‌లో అన్ డాంగిన్ అంటారు. ఊళ్ల పేర్లు రెండు భాషల్లోనూ ముందే రాసుకోండి, కొండల మధ్య సిగ్నల్ పోతే మ్యాప్ పనికిరాదు. కుమీనూల్ బీచ్ చూసి నీళ్లలోకి దిగాలనిపిస్తుంది, దిగొద్దు, లోపల లాగుడు చాలా ఎక్కువ.

కౌంటీ_కెర్రీ_కోడలు:
సాయంత్రం అమ్మానాన్నల్ని పబ్‌కి తీసుకెళ్లడానికి మొహమాటపడకండి, టీ తాగుతూ కూర్చుని ఫిడేలు, ఫ్లూట్ వినొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. మా అత్తగారు మొదటిసారి వెళ్లినప్పుడు రెండు గంటలు కదల్లేదు. శాకాహారులైతే సూప్ కూరగాయలదే అయినా చికెన్ స్టాక్ వేశారేమో అడగండి. జూన్‌లో రాత్రి పదింటికి గానీ పొద్దు గుంకదు, కాబట్టి హడావుడి వద్దు. రూములు మాత్రం ఇప్పుడే బుక్ చేయండి, చిన్న ఊరు, వీకెండ్ నిండిపోతుంది.

డబ్లిన్_వాన:
అందరికీ చాలా చాలా థాంక్స్, రింగ్ ఆఫ్ కెర్రీ తీసేశా. ఒక్క డౌట్, గ్రేట్ బ్లాస్కెట్ దీవికి పడవలు ఉన్నాయంట కదా, జనం వదిలేసి వెళ్లిన దీవి అనగానే నాన్న ఫోన్‌లోనే తెగ అడిగేస్తున్నారు. అమ్మతో కుదురుతుందా?

కార్క్_వాసి:
అమ్మగారితో వద్దండి. దీవి దగ్గర పెద్ద పడవలోంచి చిన్న రబ్బరు పడవలోకి మారాలి, తర్వాత తడి రాళ్ల మీద ఎక్కాలి, పైన అంతా ఏటవాలే. అలలు ఎక్కువుంటే ట్రిప్పే క్యాన్సిల్ చేస్తారు. దీవికి ఎదురుగా ఇవతలి ఒడ్డున ఉన్న డన్‌క్విన్ రేవు కూడా పైనుంచే చూడండి, కిందికి పాములా మెలికలు తిరిగే దారి ఫొటోలో బావుంటుంది, కారు మాత్రం దింపొద్దు.

దానికి బదులు డన్‌క్విన్‌లోనే బ్లాస్కెట్ సెంటర్ ఉంది, నాన్నగారికి అదే అసలు చోటు. నేల చదును, అమ్మగారికి ఇబ్బంది లేదు. ఒకప్పుడు ఆ దీవిలో నూట డెబ్బై మందికి పైగా ఉండేవాళ్లు, కుర్రాళ్లు ఒక్కొక్కరే అమెరికా వెళ్లిపోయారు, డాక్టరు లేడు, తుఫాను వస్తే రోజుల తరబడి పడవ కదలదు. 1947లో తినడానికేం లేదు, తిండి పంపండని ప్రధాని డి వలేరాకి టెలిగ్రాం కొట్టారు. చివరికి మిగిలిన ఇరవై చిల్లర మందిని 1953లో గవర్నమెంటే ఇవతలి ఒడ్డుకి తెచ్చేసింది. అంత చిన్న దీవి నుంచి జనం తమ జీవితాల్ని ఐరిష్‌లో పుస్తకాలుగా రాసి పెట్టి వెళ్లారు, అదంతా లోపల వివరంగా ఉంటుంది. చివర పెద్ద అద్దం కిటికీ, ఎదురుగా అదే దీవి. అక్కడ ఆయన్ని తొందరపెట్టకండి, కనీసం గంటన్నర ఇవ్వండి, అమ్మగారికి కేఫ్‌లో కూర్చోడానికి చోటు ఉంది.