అప్‌డేట్: టాన్, చాన్ ఒకే ఇంటిపేరట, నిజమే!

మొన్న అడిగా కదా, సింగపూర్‌లో మా టీమ్‌లో టాన్ గారు, హాంకాంగ్ ఆఫీసులో చాన్ గారు, ఇద్దరిదీ ఒకే ఇంటిపేరంటున్నారు ఎలా అని. నిన్న లంచ్‌లో టాన్ గారే టిష్యూ పేపర్ మీద రాసి చూపించారు, ఎడమపక్క చెవిలాంటి గుర్తు, కుడిపక్క తూర్పు అనే అక్షరం, అందుకే నోటితో చెప్పేటప్పుడు "చెవి తూర్పు చెన్" అంటారంట. చైనీస్ అక్షరం ఒక్కటే, పలకడమే వేరు: చైనా భాషల్లో హొక్కియెన్‌లో టాన్, కాంటనీస్‌లో చాన్, మాండరిన్‌లో చెన్, వియత్నాంలో 1225 నుంచి 1400 దాకా ఏలిన ట్రాన్ వంశం పేరు కూడా ఇదే!

మూలమేమో, మనకి ఊరి పేరు ఇంటిపేరైనట్టే వీళ్లకి రాజ్యం పేరు. ఇప్పటి చైనాలోని హెనాన్ ప్రావిన్స్‌లో హువాయ్‌యాంగ్ దగ్గర చెన్ రాజ్యం ఉండేది, చూ అనే ఇంకో రాజ్యం దాన్ని మింగేసి 2,400 ఏళ్లు దాటింది, ఆ పేరు మాత్రం మా టాన్ గారి ఐడీ కార్డు మీద ఉంది, చూస్తే ఒళ్లు పులకరించింది నాకు. ఆ టిష్యూ దాచుకున్నా.