దూడలకు విటమిన్ డి ఇంజెక్షన్: ఎదుగుదలకు పనికొస్తుందా, డబ్బు దండగా?

పాడిబాట, తెనాలి
రేకుల షెడ్డులో కట్టేసి పెంచే ముర్రా గేదె దూడలు, వయసు రెండు నెలల లోపు. నెలకో డి3 ఇంజెక్షన్ వేస్తే దూడ జోరుగా పెరుగుతుందని మందుల షాపుల్లో చెబుతున్నారు. మనుషులకు వాడే 6 లక్షల ఐయూ (విటమిన్ మోతాదు కొలిచే యూనిట్) ఆంపూల్ చవగ్గా వస్తుంది, అదే వేసేయమంటున్నారు. వేయొచ్చా?

మేతలెక్క
వద్దన్నా. దూడకు కిలో బరువుకు రోజుకు సుమారు 30 ఐయూ డి చాలు. 35 కిలోల దూడకు వెయ్యి ఐయూ అనుకోండి. ఆ ఒక్క ఆంపూల్‌లో ఉన్నది 600 రోజుల సరుకు! వచ్చే నెల ఇంకోటి వేస్తామంటున్నారు. డి కొవ్వులో కరిగే విటమిన్, మిగిలింది మూత్రంలో పోదు, ఒంట్లో పేరుకుంటుంది. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాల్లో, పెద్ద రక్తనాళాల గోడల్లో సున్నంలా పేరుకుంటుంది. దూడ మేత మానేస్తుంది, నీళ్లు తెగ తాగుతుంది, బిగుసుకుని నడుస్తుంది. ఒకసారి పొడిచాక ఆ మందును వెనక్కి తీయలేం. ఇంకో మాట: డి బలం మందు కాదు. లోటున్న దూడకు లోటు తీరుతుంది, లేని దూడకు ఎదుగుదల ఏమీ కలవదు.

పశువైద్యం, కరీంనగర్
ఆంపూల్ విషయంలో మేతలెక్క గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. అలాగని డి సంగతే వదిలేస్తే పొరపాటు. పాలలో డి చాలా తక్కువ. ఎండలో ఆరిన గడ్డిలో డి2 అనే రకం ఉంటుంది గానీ ఆ వయసు దూడ తినేది పిడికెడు. నీడలో కట్టేసి పాల మీదే పెంచుతుంటే ఇక డి ఎక్కణ్నుంచి వస్తుంది?

లోటు ముదిరితే చేతికే తెలుస్తుంది. దూడ పక్కన కూర్చుని పక్కటెముకల వెంట పైనుంచి కిందికి వేళ్లు జార్చండి. గట్టి ఎముక, మెత్తటి ఎముక కలిసే చోట వరుసగా పూసల్లా తగిలితే రికెట్స్ (ఎముకలు గట్టిపడని జబ్బు) అని అనుమానించాలి. ముందు మోకాళ్లు రెండూ లావెక్కుతాయి, గట్టిగా ఉంటాయి, వేడి ఉండదు. అలా కాక కీలు వాచి వేడిగా ఉండి, బొడ్డు కూడా వాచిందంటే అది బొడ్డు చీము నుంచి పాకిన కీళ్లవాపు. దానికి డి వేస్తూ కూర్చుంటే దూడ దక్కదు, వెంటనే డాక్టరుకు చూపించి యాంటీబయాటిక్ వేయించాలి.

ఎండపొడ
బయటికి తోలితే తీరేదానికి ఇంజెక్షన్ దేనికి? 2010లో అచ్చయిన డెన్మార్క్ ప్రయోగంలో, వేసవిలో పచ్చిక మేసే ఆవుల్లో కొన్నింటికి గుర్రాల దుప్పటి, కొన్నింటికి పొదుగు తొడుగు, కొన్నింటికి రెండూ కప్పారు. కొన్నింటిని అలాగే వదిలారు. ఒళ్లు ఎంత మేర ఎండకు తెరిచి ఉంటే రక్తంలో డి అంత ఎక్కువ కనిపించింది. వెంట్రుకలున్న తోలు కూడా డి తయారుచేస్తుందన్నమాట. తెనాలి 16 డిగ్రీల అక్షాంశం, ఏడాది పొడుగునా పనికొచ్చే ఎండే. కాకపోతే పొద్దున్నే పడే లేత ఎండతో ఈ పని కాదు. నిలబడితే మన నీడ మనకంటే పొట్టిగా పడే వేళ చూసుకోండి.

పశువైద్యం, కరీంనగర్
మే నెలలో ఆ వేళకు గేదె దూడను ఎండలో కట్టేస్తే వడదెబ్బే. నల్ల తోలు వేడి లాగుతుంది, చెమట గ్రంథులు తక్కువ. కట్టకండి, వదలండి. సగం నీడ, సగం ఎండ ఉన్న దొడ్డి, అందులో తొట్టి నిండా నీళ్లు ఉండాలి. దూడ తనే చూసుకుంటుంది.

మేతలెక్క
డి పని పేగులోంచి కాల్షియం, ఫాస్ఫరస్ లాగడం. మేతలోనే అవి లేకపోతే లాగేదేముంది? డెల్టాలో అసలు తప్పు తవుడు దగ్గర జరుగుతోంది. 100 కిలోల దాణాలో 40 కిలోల తవుడు పోస్తే దాన్నుంచి ఫాస్ఫరస్ 600 గ్రాములదాకా వస్తుంది, కాల్షియం 40 గ్రాములు వస్తే గొప్ప. దూడల దాణాకు కావాల్సింది కాల్షియం 700, ఫాస్ఫరస్ 450. ఇంత తిరగబడిన దాణాలో మళ్లీ డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) కలుపుతారు, అందులోనూ ఫాస్ఫరస్ ఉంటుంది. 2 కిలోల సున్నపురాయి పొడి కలపండి, 750 గ్రాముల కాల్షియం వస్తుంది.

పశువైద్యం, కరీంనగర్
తవుడు పోసే చోట ఒప్పుకుంటాను. వరిగడ్డి తప్ప ఏమీ దొరకని చోట ఫాస్ఫరస్‌కే కరువు, అక్కడ డీసీపీ తప్పదు. డెల్టా లెక్కను అందరికీ అంటగట్టకండి.

ఇక గేదె దూడ ఎదగడం లేదంటే నేను ముందు అనుమానించేది ఏలిక పాముల్ని. తల్లి పాల ద్వారానే వస్తాయి. 10–14 రోజుల వయసులో తొలి నట్టల మందు, ఆపై ఆరు నెలలదాకా నెలకోసారి. పాలు దూడ బరువులో పదోవంతు. పాలు అమ్ముకుని దూడకు ఇంజెక్షన్ వేస్తే ఎట్లా పెరుగుతుంది?

పాడిబాట, తెనాలి
దొడ్డి కట్టడానికి నెల పడుతుంది డాక్టర్ గారూ. అందాకా?

పశువైద్యం, కరీంనగర్
పశువులకని తయారైన డి3 ద్రావణం రోజూ పాలలో పట్టండి. సీసా మీద మి.లీ.కి ఎన్ని ఐయూలో చదివి, దూడ బరువును బట్టి మోతాదు కట్టండి. కాటా లేకపోతే టేపు చాలు. ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసి దాన్ని దానితోనే గుణించండి. భుజం నుంచి పిరుదు ఎముకదాకా పొడవుతో మళ్లీ గుణించి 660తో భాగిస్తే కిలోలు. చుట్టు 30, పొడవు 28 అయితే 38 కిలోలు, అంటే రోజుకు 1,100 ఐయూ పైచిలుకు. మీ మినరల్ మిక్చర్‌లో ఇప్పటికే డి3 ఉంటే అంత మేర తగ్గించండి. 15 రోజులకోసారి కొలవండి. రోజుకు 400 గ్రాములైనా పెరగకపోతే డి పెంచకండి, పేడ పరీక్షకు పంపండి.