హార్డ్ డిస్క్ పోయి ఎస్‌ఎస్‌డీ వేశాను: విండోస్ ఎక్కుతోంది కానీ బూట్ కావడం లేదు

2015 నాటి లాప్‌టాప్, 8 జీబీ ర్యామ్. పాత హార్డ్ డిస్క్ టక్‌టక్‌మంటూ చచ్చిపోతే 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ బిగించాను. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) లేదు కాబట్టి విండోస్ 10 పెడుతున్నాను. (2025 అక్టోబర్ 14తో దాని సపోర్ట్ అయిపోయిందని తెలుసు, ఆ క్లాసు మాత్రం పీకకండి.)

బూటబుల్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ టూల్‌లో జీపీటీ (డిస్క్ విభజన పద్ధతి), యూఈఎఫ్‌ఐ (కొత్త తరం బయోస్) ఎంచుకుని విండోస్ పెన్‌డ్రైవ్ చేశాను. ఫైళ్ల కాపీ 100 శాతం పూర్తవుతుంది. రీస్టార్ట్ అయ్యాక పెన్‌డ్రైవ్ తీస్తే నల్ల స్క్రీన్ మీద ‘నో బూటబుల్ డివైస్’.

బయోస్‌లో ఎస్‌ఎస్‌డీ కనిపిస్తోంది, సాటా డిస్క్‌ల మోడ్ ఏహెచ్‌సీఐ. సెక్యూర్ బూట్ (నమ్మదగిన బూట్ ఫైళ్లనే అనుమతించే సెట్టింగ్) ఆన్‌లోనూ ఆఫ్‌లోనూ అదే తంతు. లెగసీ (పాత బయోస్ పద్ధతి బూట్) ఆప్షనే లేదు. విండోస్‌లోని డిస్క్‌పార్ట్ కమాండ్‌తో ఎస్‌ఎస్‌డీని క్లీన్ చేసి, జీపీటీకి మార్చి మళ్లీ మొదటి నుంచి ఎక్కించాను. బూట్ ఫైళ్లను మళ్లీ రాసే బీసీడీబూట్ కమాండ్ కొడితే ఫైళ్లు తయారయ్యాయనే చెబుతుంది, ఫలితం సున్నా.

అసలు తిరకాసు ఇక్కడుంది. పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైనక్స్ మింట్ లైవ్‌లో, బయోస్‌లోని బూట్ లిస్టును చూపించే ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ కమాండ్‌తో చూస్తే ‘విండోస్ బూట్ మేనేజర్’ ఎంట్రీ లేదు. నేనే చేర్చితే వెంటనే లిస్టులోకి వస్తుంది, రీస్టార్ట్ చేయగానే మాయం! ఎస్‌ఎస్‌డీ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోని బూట్ ఫోల్డర్‌లో బూట్‌ఎక్స్64 (ఎంట్రీ లేకపోయినా బయోస్ వెతికే డిఫాల్ట్ బూట్ ఫైలు) భేషుగ్గా ఉంది. ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టులో తేడా లేదు. తేదీ, టైమ్ కూడా చెరిగిపోవడం లేదు, అంటే బోర్డు మీది చిన్న బ్యాటరీ బాగానే ఉన్నట్టుంది.

షాపులో మదర్‌బోర్డు మార్చాలంటున్నారు. నాకైతే నమ్మబుద్ధి కావడం లేదు. బయోస్ అప్‌డేట్ మధ్యలో ఆగితే ఉన్నది కూడా పోతుందని టెన్షన్, అందుకే ఇంకా దాని జోలికి పోలేదు.

ఇలా బూట్ ఎంట్రీ నిలవని సమస్య బయోస్ అప్‌డేట్‌తో తీరినవాళ్లు మీలో ఎవరైనా ఉన్నారా?