అలను చీల్చే పడవ విహారానికి పనికివస్తుందా?

తీరవాసి:
అలల మీదికి ఎక్కకుండా వాటిని చీల్చుకుంటూ పోయే బహుదేహ పడవలను (నీటిలో తేలే దేహాలు రెండో మూడో ఉన్నవాటిని) విహార నౌకలుగా కొనవచ్చునా అన్న విషయాన్ని చర్చకు పెడుతున్నాను. ఆ రూపం పందేనికి పుట్టిందే తప్ప నివాసానికి కాదని నా అభిప్రాయం. న్యూజిలాండ్‌కు చెందిన పీట్ బెథూన్ 2008లో 'ఎర్త్‌రేస్' అనే 24 మీటర్ల ట్రైమరాన్‌లో (మూడు దేహాల పడవలో), బయోడీజిల్‌తో, 61 రోజులు పూర్తికాక ముందే భూమిని చుట్టివచ్చి, 1998 నాటి సుమారు 75 రోజుల రికార్డును చెరిపివేసిన మాట నిజమే. అయితే పడవ అలలో మునిగినప్పుడు కూడా ఇంజిన్లకు గాలి అందడం కోసం గాలి ద్వారాలను రెక్కల వంటి నిర్మాణాల పైకొసలకు ఎత్తవలసి వచ్చింది. సాయంత్రం డెక్కు మీద కుర్చీ వేసుకుని కూర్చోవాలనుకునే యజమానికి అటువంటి పడవ ఎందుకు?

నౌకాశిల్పి:
తీరవాసి గారూ, మీరు చూపింది ఒక అతి ఉదాహరణ. ప్రయాణికుడికి కడుపులో తిప్పేది ముందు కొస లేచి పడే ఊపు. వెడల్పైన ముక్కును అల తాకగానే నీరు బలంగా పైకి నెడుతుంది, అల దాటగానే అది అంతే బలంగా కిందికి వస్తుంది. సన్నని ముక్కుకు తేలే శక్తి తక్కువ గనుక, అది లేచేలోపే అల దాని మీదుగా వెళ్లిపోతుంది. ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌లో పడవలు కట్టే ఇన్‌క్యాట్ సంస్థ ఇదే సూత్రంతో కట్టిన 74 మీటర్ల 'హోవర్‌స్పీడ్ గ్రేట్ బ్రిటన్' 1990లో అట్లాంటిక్‌ను 3 రోజుల 7 గంటల 54 నిమిషాల్లో దాటింది. అది పందెపు పడవ కాదు, ప్రయాణికులను, కార్లను చేరవేసే ఫెర్రీ.

దక్షిణపవనం:
నౌకాశిల్పి గారి ఉదాహరణ వారి వాదానికే ఎదురు తిరుగుతోంది. ఇన్‌క్యాట్ కాటమరాన్లలో రెండు సన్నని దేహాల నడుమ, నీటికి పైన, మూడవ ముక్కు ఒకటి ఉంటుంది. వెనుక నుంచి వచ్చే పెద్ద అల పడవ వెనుక భాగాన్ని ఎత్తి, సన్నని కొసలను ఎదుటి అలలోకి దించినప్పుడు, ఇంకా లోతుకు పోకుండా ఆపేది ఆ మధ్య ముక్కే. కట్టినవారే కేవలం చీల్చే రూపాన్ని నమ్ముకోలేదన్న మాట. పైగా 3 మీటర్ల అల 74 మీటర్ల ఫెర్రీకి ఒకటి, 18 మీటర్ల యాట్‌కు మరొకటి.

బరువు సంగతి ఎవరూ ఎత్తలేదు. నీటిమట్టం దగ్గర అడ్డుకోత వైశాల్యం 40 చదరపు మీటర్లు ఉన్న పడవ టన్ను బరువుకు సుమారు 2.5 సెంటీమీటర్లు దిగితే, 20 చదరపు మీటర్లే ఉన్న సన్నదేహపు పడవ దాదాపు 5 సెంటీమీటర్లు దిగుతుంది. నీళ్లు, ఇంధనం, అతిథుల సామాను, ఆ తరువాత యజమాని ముచ్చటపడి చేర్చే ఏసీలు (చేర్చని యజమానిని నేనింకా చూడలేదు) అన్నీ కలిస్తే, నక్షా మీద గీసిన నీటిరేఖ నీటి అడుగునే ఉండిపోతుంది.

నౌకాశిల్పి:
బరువు విషయంలో దక్షిణపవనం గారి లెక్కతో నాకు పేచీ లేదు. మధ్య ముక్కును మాత్రం నేను ఓటమిగా చూడను; మామూలు అలల్లో నీటిని తాకకుండా, ప్రమాదంలో మాత్రమే పనిచేసే భాగం మంచి రూపకల్పనకే గుర్తు. కొనదలచినవారు ఎదురు అలల్లో తీసిన వీడియోలతో తృప్తిపడకుండా, నిండు ట్యాంకులతో, వెనుక నుంచి తరిమే అలల్లో ముక్కు ఎంత మునుగుతుందో చూపే నమూనా పడవ పరీక్షల ఫలితాలను అడగాలి. అవి చేతికి రానిదే బయానా ఇవ్వకూడదు.